పిల్లోడి కడుపునొప్పి కడుపులోది కాకపోతే

పోయిన ఎపిసోడ్‌లో నా కొడుకు సంగతి చెప్పాక చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, మావాడూ అట్లే ఉన్నాడు, ఏం చేయాల?" అని. మాట్లాడేటప్పుడు కొన్ని జారిపోయాయి, అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నా. నేను డాక్టరును కాదు, సైట్ సూపర్‌వైజర్‌ని. ఆలస్యం చేసి నేర్చుకున్నోణ్ణి.

నేను కువైట్‌లో సైట్ మీద, మా ఆవిడ ఇక్కడే ఒక ఇంట్లో పనిలో. కొడుకు కడప పక్క మా పల్లెలో, మా అమ్మ దగ్గర. మా ఆవిడ కూడా ఇక్కడికి వచ్చేసినప్పుడు వాడికి 9 ఏళ్లు. మూడు నెలలు తిరగకముందే పొద్దున బడి టైంకి కడుపునొప్పి, రాత్రి పక్క తడపడం మొదలైంది. అమ్మ సూది వేయించింది, తాయెత్తు కట్టించింది. నేనైతే ఫోన్‌లో "బడి ఎగ్గొట్టను నాటకాలా?" అని అరిచా. ఎనిమిది నెలలు అట్లే పోయాయి.

చివరికి వాళ్ల టీచరమ్మ అమ్మను పిలిపించి, పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించమంది. ఆ డాక్టరు అడిగితే వాడు చెప్పిన మాట ఇది: "నేను అల్లరి చేస్తాననే అమ్మను కూడా నాయన తీసుకుపోయినాడు."

ఈ మాట వాడు నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫోన్‌లో ఎప్పుడడిగినా "బాగున్నా నాయనా" అనేవాడు.

తల్లిదండ్రులు చూసుకోలేని పిల్లల్ని చట్టప్రకారం వేరే కుటుంబంలో పెంచడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టంలో అది ఉంది. అవ్వ దగ్గర పెరిగే మన పిల్లలు ఆ లెక్కలోకి రారు. కానీ పిల్లోడి మనసుకి జరిగేది దగ్గరదగ్గర అదే. ఇల్లు మారుతుంది, పద్ధతులు మారతాయి, కావాల్సిన మనిషి కనపడడు. ఎందుకో తెలియక తప్పు తన మీద వేసుకుంటాడు. నోటితో చెప్పలేనిది ఒంట్లో నొప్పిగా వస్తుంది. డాక్టరు చెప్పింది కూడా అదే: ఆ నొప్పి నిజమైనదే, నాటకం కాదు.

ఏం గమనించాలంటే:

- చిన్నపిల్లలు: మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఎవరినీ వదలకపోవడం, మాట తగ్గిపోవడం.
- బడి వయసు: మాటిమాటికీ కడుపునొప్పి, తలనొప్పి, బడికి పోననడం, కొట్లాటలు, ఆట మానేయడం.
- పెద్దపిల్లలు: తిండి, నిద్ర తప్పడం, గదిలోంచి బయటికి రాకపోవడం, చేతులు కోసుకోవడం, "నేను లేకుంటే మేలు" అనడం.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించండి. చావు మాట వస్తే మాత్రం అదేరోజు చూపించాలి, అంతవరకు ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోగానీ చుట్టుపక్కలగానీ ఒక మనిషిని చూస్తేనే పిల్ల భయపడుతుంటే, ముందు పిల్ల మాట నమ్మండి.

ఎవరిని అడగాలి? టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు లేవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల మీద హింస ఉంటే, ఆపద ఉంటే 1098. ఇవి ఇండియా ఫోన్ నుంచి చేయాల్సిన నంబర్లు. అందుకే మామతోనో, పిన్నితోనో చేయించండి. అవ్వ ఫోన్‌లో ఈ రెండూ ఈరోజే సేవ్ చేయించండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంటుంది, ఓపీ రోజు కనుక్కుని పంపండి.

ఇంకో మాట. ఇక్కడ చనిపోయిన మనవాళ్ల పిల్లలు ఊళ్లో బంధువుల దగ్గర ఉంటారు. పేద కుటుంబమైతే మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. ఆ పిల్లలకి డబ్బుతోపాటు పలకరించే మనిషి కూడా కావాల.

మావాడికి మాత్రలు ఇవ్వలేదు. రెండు వారాలకోసారి కౌన్సెలింగ్, ఇంట్లో కొన్ని మార్పులు. మాకు చెప్పినవి ఇవి: రోజూ ఒకే టైంకి ఫోన్ చేయాలి, కుదరకపోతే ముందే చెప్పాలి. మార్కులు తర్వాత, "ఈరోజు ఎవరితో ఆడుకున్నావ్?" ముందు. వచ్చే నెల వస్తానని అబద్ధం చెప్పకూడదు. ఎందుకు వచ్చామో, అందులో వాడి తప్పేమీ లేదని, ఒక్కసారి కాదు, పదేపదే చెప్పాలి. అవ్వను తిట్టకూడదు. ఆ వయసులో ఆమె మోస్తున్నదీ బరువే.

ఆర్నెల్లకి పక్క తడపడం ఆగింది. ఇప్పటికీ పరీక్షలప్పుడు కడుపు పట్టుకుంటాడు, కాకపోతే ఇప్పుడు "భయంగా ఉంది నాయనా" అని నోటితో చెప్తాడు.

స్లాబ్ పోశాక నీళ్లు ఎప్పుడు పట్టాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పగుళ్లొచ్చాక పదిరోజులు పట్టినా ఆ పగులు పోదు. నేను ఎనిమిది నెలలూ డబ్బు మాత్రం తేదీ తప్పకుండా పంపించా. మీరు ఈ శుక్రవారం డబ్బు సంగతి పక్కనబెట్టి, వాళ్ల టీచరుకి ఒక ఫోన్ చేయండి.