వార్తల్లో పదం: క్రెడిట్

ఉన్నతవిద్యను గూర్చిన వార్తలలో తఱచుగా వినవచ్చుచున్న క్రెడిట్ అనునది విద్యార్థి యొక పాఠ్యాంశమునకు వెచ్చించిన కాలమును కొలుచు ప్రమాణము. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రము ననుసరించి 15 గంటల ఉపన్యాసమునకు గాని, 30 గంటల అభ్యాసమునకు గాని ఒక క్రెడిట్ లభించును. మూడేండ్ల డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో యోగము, క్రీడలు, దేహదారుఢ్యము మొదలైనవానికి, ఏ శాఖ విద్యార్థికైనను, చోటు కల్పింపబడినది. నాట్యమువంటి అభ్యాసవిద్యకును 30 గంటలకు ఒక క్రెడిట్ అను కొలతయే వర్తించును.

కృష్ణాజిల్లాలోని గన్నవరమువారికి నాట్యము విశ్వవిద్యాలయములో పాఠ్యాంశమగుట పరాయి సంగతి కాదు. ఆ జిల్లాలోనే, మొవ్వ మండలమునందలి కూచిపూడిలో, తెలుగు విశ్వవిద్యాలయపు సిద్ధేంద్రయోగి కళాపీఠము నాట్యమును విశ్వవిద్యాలయవిద్యగా బోధించుచు వచ్చినది. అయినను అది నర్తకులు కాఁదలచినవారి చదువు. వాణిజ్యశాస్త్రమో రసాయనశాస్త్రమో చదువువాఁడు ఒక క్రెడిట్ కొఱకు వారమునకు రెండు గంటలు గజ్జెకట్టుట వేఱు. మోకాళ్ళు వంచి నిలుచు అరమండి భంగిమ కుదురుటకే ఎంతో యోపిక కావలసిన విద్యను 30 గంటలలో నేర్పుదుమనుట సాహసము. రుచి చూపుదుమనిన న్యాయమే.

పరీక్ష మాట మఱింత చిక్కు. మైదానమున పరుగును గడియారము కొలువఁగలదు, అభినయమును కొలుచుటకు గురువే కావలెను; అట్టి గురువును నియమింపక హాజరుపట్టీ చూచి క్రెడిట్ పంచు కళాశాలలో ఆ గంటలు వ్యాయామమునకును చెందవు, కళకును చెందవు.