వాననీరు దిగిన తరువాత కారు కదలకపోతే: పెట్రోలు పంపు తీగల పరిశీలన

2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలోను చెన్నై వీధులలో వేలాది వాహనాలు నీట మునిగాయి. మైలాపూరులోని పల్లపు వీధులకు ఈశాన్య రుతుపవనాల నాటి నీటి ముంపు కొత్త కాదు. నీరు దిగిన పిదప స్టార్టరు తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడం పలువురు పెట్రోలు కార్ల యజమానులకు ఎదురయ్యే ఇబ్బంది. కారు నడిపి జీవించే కుటుంబానికి అది ఆ రోజు సంపాదన పోవడమే. అటువంటప్పుడు వెంటనే కొత్త పంపు కొనడం వృథా వ్యయం కావచ్చు. లోపం పంపులో కాక, దానికి విద్యుత్తును చేర్చే తీగలలోనే ఉండవచ్చు.

ముందుగా ఒక హెచ్చరిక. ఇంజను గాలి గొట్టం వరకు నీరు చేరిందన్న అనుమానం ఉంటే తాళంచెవి తిప్పరాదు. సిలిండరులోని నీరు అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. కారును ఛాయాచిత్రం తీసి, బీమా సంస్థకు తెలిపి, కదపకుండా తరలించడం మేలు.

విద్యుత్తు బ్యాటరీ నుండి ఫ్యూజు, రిలే, తీగల మీదుగా ట్యాంకులోని పంపుకు చేరి, ఎర్త్ తీగ ద్వారా తిరిగి వస్తుంది. పరిశీలన ఆ క్రమంలోనే సాగాలి.

1. తాళంచెవిని ‘ఆన్’ స్థానానికి తిప్పగానే అనేక కార్లలో వెనుక సీటు వైపు రెండు సెకన్ల పాటు సన్నని రొద వినిపిస్తుంది. అది లేకుంటే పంపుకు విద్యుత్తు అందడం లేదని అనుమానించాలి.

2. ఫ్యూజు కాలిపోతే అదే ఆంపియర్ల ఫ్యూజునే అమర్చాలి. మళ్లీ కాలితే ఎక్కడో తీగ ఒరిసి షార్టు అవుతున్నదని, లేదా పంపే బిగుసుకుపోయిందని అర్థం. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టడం అగ్నిప్రమాదానికి దారి.

3. రిలేను అదే సంఖ్య గల మరో రిలేతో మార్చి చూడవచ్చు.

4. నీట నానిన కనెక్టరులో పచ్చని చిలుము పడుతుంది. కనెక్టరును విప్పి మల్టీమీటరుతో కొలిస్తే 12 వోల్టులు కనిపించినా, పంపు తిరిగే వేళ అది పడిపోవచ్చు. కనుక పంపు భారం ఉండగానే కొలవాలి. బ్యాటరీ వోల్టేజీకి, పంపు వద్ద వోల్టేజీకి తేడా ఒక వోల్టు దాటితే తీగలోనో, ఎర్త్ బోల్టు వద్దనో లోపం ఉన్నట్లే. ఎర్త్ బోల్టును విప్పి, తుప్పును గీకి, మెరిసే లోహానికి బిగించాలి.

బ్యాటరీ నుండి పంపుకు నేరుగా తీగ కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ప్రమాదంలో ఇంజను ఆగగానే పంపును ఆపే రక్షణ అందువల్ల నశిస్తుంది; చీలిన గొట్టం నుండి పెట్రోలు కారుతూనే ఉంటుంది. పెట్రోలు వాసన వస్తే ఏ స్విచ్చునూ తాకక దూరంగా జరగాలి. ట్యాంకును విప్పే పని మెకానిక్కుదే. విద్యుత్ కార్లు, హైబ్రిడ్ కార్లలోని నారింజ రంగు తీగలను ఎవరూ తాకరాదు.

తమిళం రానివారు మెకానిక్కుతో “పంపుక్కు కరెంట్ వరలే” అని చెబితే చాలు. పరిశీలన సరైన చోట మొదలవుతుంది. వీధిలో నీరు నిలిస్తే నగరపాలక సంస్థకు 1913 సంఖ్యపైన, మంటలు లేస్తే 101 లేదా 112 సంఖ్యపైన తెలియజేయాలి.