ఒకే ‘వైనతేయ’ - రెండు రూపాలు

1996 నవంబరు 6న కోనసీమను పెనుతుఫాను అతలాకుతలం చేసింది. అటువంటి చోట పాఠశాల రికార్డుల నకలు మరొక ఊరిలో కూడా ఉంటే ఎంత మేలు! మన కంప్యూటరులోని ఫైళ్ళనూ, దూరాన ఉన్న సర్వరులోని ఫైళ్ళనూ ఎప్పటికప్పుడు ఒకే తీరున ఉంచే ప్రోగ్రాములలో నెక్స్ట్‌క్లౌడ్ ఒకటి. మన కంప్యూటరులో నడిచే దాని ప్రోగ్రాము మూలరచన ప్రధానంగా సీ ప్లస్ ప్లస్ భాషలో ఉంది. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు.

అయితే యంత్రం ఈ మూలరచనను నేరుగా గ్రహించలేదు. దానిని యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. లినక్స్ కోసం తయారైన ప్రోగ్రాము విండోస్‌లో నేరుగా నడవదు. కనుక ఒకే మూలరచనను లినక్స్, విండోస్, మాక్‌లకు వేరువేరుగా కంపైల్ చేయాలి. ఏ వ్యవస్థకు ఏ భాగాలు చేర్చాలో సీమేక్ అనే సాధనం చూచుకుంటుంది.

భాగాలలో తేడా ఎందుకు? గోదావరి పాయ అయిన ‘వైనతేయ’ పేరుతో ఒక ఫైలు ఉన్నదనుకోండి. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక సంకేతం కలదు. ఎత్వానికి కింది గుర్తు చేర్చి, రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. లినక్స్ మనమిచ్చిన రూపాన్నే సాధారణంగా ఉంచుతుంది. 2017లో కొత్త పద్ధతి వచ్చేవరకు మాక్ దానిని రెండుగా విడదీసేది. కంటికి పేరు ఒకటే, యంత్రానికి రెండు! మొదటి ఫైలు పోయిందనుకొని ప్రోగ్రాము నకలును కూడా తుడిచివేస్తే, తుఫాను చేయని నష్టం అదే చేస్తుంది. అందుచేత మాక్ కోసం విడిపోయిన సంకేతాలను తిరిగి కలిపే ఏర్పాటు అవసరమైంది.

మరి మీ పేరులో ఐత్వం ఉన్నదా? చూచుకోండి!