ఒకే తుపాకి, రెండు తీర్పులు

క్రిస్మస్ వెళ్లాక, పెన్సిల్వేనియాలో మా అబ్బాయి పొరుగింటాయన జింకల వేటకు బయలుదేరాడు. చేతిలో చెకుముకి రాతితో పేలే పాతకాలపు తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి గుండు దట్టిస్తే ఒక్కసారే పేలుతుంది. మందుకు తేమ తగిలితే అదీ లేదు. 1974 నుంచి ఆ రాష్ట్రం ఈ తుపాకుల కోసమే ప్రత్యేక వేట గడువు కేటాయిస్తోంది. ‘ఇది మా తాతల విద్య’ అని ఆయన గర్వంగా చెబుతుంటే నాకు మా ఊరి నక్కలవారు గుర్తుకొచ్చారు.

వారి నాటు తుపాకి కూడా మూతిలోంచి మందు దట్టించేదే. దానితో కొట్టిన పిట్టలను మా పెద్దలు ఇష్టంగా కొనుక్కు తిన్నారు. ఊళ్లో దొంగతనం జరిగితే మాత్రం మొదట సోదా చేసింది వారి గుడారాలనే. నేను అరుగు మీద నిలబడి చూశానే గాని నోరు విప్పలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. అడవి మిగలాలంటే అది అవసరమే. కానీ వేట పోయిన చేతులకు భూమి ఎవరిచ్చారు? ఇదే దేశంలో కొడవలు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకునే మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచీ కొనసాగుతోంది. 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించింది. భూమి ఉన్నవారి తుపాకి సంప్రదాయమైంది, సంచారుల తుపాకి అనుమానమైంది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో నక్కలవారి పేరు చేరింది. మన మనసుల్లోని అనుమానితుల జాబితాలోంచి మాత్రం ఇంకా చెరగలేదు. వేట హక్కు తిరిగి ఇమ్మని నేను అడగడం లేదు. వేటకు బదులు బతుకు చూపే బాధ్యత, అరుగుల మీద నిలబడి చూసిన మాదే అంటున్నాను.