అద్దమున్న కెమెరానా? అద్దం లేని కెమెరానా?

బోడుప్పల్‌లోని మా మస్జిద్‌లో అసర్ నమాజు ముగిసిన తర్వాత డిగ్రీ చదివే ఒక కుర్రవాడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఉప్పల్ నల్లచెరువు గట్టున కొంగలను ఫోటో తీయాలని అతని కోరిక.

“హజ్రత్, కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొనాలనుకుంటున్నాను. దుకాణంవారు వాయిదాల మీద ఇస్తామంటున్నారు. అబ్బా మాత్రం వాడిన డీఎస్ఎల్ఆర్ చాలంటున్నారు. మీరు చెబితే ఆయన వింటారు” అన్నాడు.

అతని తండ్రి ఆటో నడుపుతారు. ఆ వాయిదాలలో వడ్డీ ఉంది. జీవుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదం అతనికి తెలుసు. అతను అడిగింది అది కాదు. కనుక అడిగినదానికే జవాబు చెప్పాను.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన కాంతిని ఒక అద్దం పైకి మళ్లించి కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం లేస్తుంది, కాంతి సెన్సార్‌పై పడుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. సెన్సార్ చూసినదే చిన్న తెరపై కనిపిస్తుంది. 2008లో పానాసోనిక్ జి1 ఈ బాట వేసింది. 2018లో నికాన్, కానన్ సంస్థలు పెద్ద సెన్సార్ గల మిర్రర్‌లెస్ కెమెరాలతో ఇటే నడిచాయి. అప్పటినుండి వాటి కొత్త లెన్సులు ఎక్కువగా వీటికోసమే వస్తున్నాయి.

మిర్రర్‌లెస్ మేలు నిజమైనదే. ఫోటో ఎంత వెలుగుతో వస్తుందో తీయకముందే తెలుస్తుంది. చప్పుడు లేకుండా తీయవచ్చు. నిఖా ఖుత్బా సాగుతుండగా ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ తెరకు విద్యుత్తు కావాలి. నికాన్ డి3500 డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ ఒక చార్జింగుతో 1,550 ఫోటోలు తీస్తుందని సంస్థ లెక్క. అదే సంస్థ మిర్రర్‌లెస్ జడ్50కి ఆ లెక్క సుమారు 300 మాత్రమే.

దాదాపు వెయ్యేళ్ల క్రితం ఇబ్నుల్ హైసమ్ చీకటి గది, సన్నని రంధ్రంతో కాంతిని పరిశీలించారు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు పలకలపై చిత్రాలు తీశారు. వారి పనిముట్లు వేరు, నేర్చినది మాత్రం ఒకటే: కాంతి. ఆ విద్య ఏ కెమెరాతోనైనా వస్తుంది.

“బాబూ, కష్టార్జితం చేతిలో ఉంటే మిర్రర్‌లెస్ కొను. లేకుంటే వడ్డీ ముడి వేసుకోకు. వాడిన డీఎస్ఎల్ఆర్ తీసుకుని, మిగిలిన డబ్బు దూరపు లెన్సుకు పెట్టు. కొంగను దగ్గరకు తెచ్చేది లెన్సే. రేపు మిర్రర్‌లెస్ కొన్నా, అదే సంస్థదైతే అడాప్టర్‌తో ఈ లెన్సు చాలావరకు పనికొస్తుంది. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడుగు. లెన్సును వెలుగుకు ఎదురుగా పట్టి లోపల బూజు ఉందేమో చూడు. మన వానాకాలపు తేమ దానికి శత్రువు” అన్నాను.

ఆ రాత్రి ఇషా తర్వాత అతని తండ్రితోనూ మాట్లాడాను. “భాయ్, కుర్రవాడి కోరికను దుబారా అనకండి. మీరిద్దరూ కలిసి వెళ్లి చూడండి” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “జుమా నమాజు తర్వాత ఆటో తీస్తాను, ఇన్షాఅల్లాహ్” అన్నారు.