తుంటి కీలు ఉపరితల శస్త్రచికిత్స: లోహ, సిరామిక్ పదార్థాల ఎంపిక – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో నందిగామ సమీపాన ఉన్న పరిటాల, గోల్కొండ పాలనాకాలంలో వజ్రాల గనులకు ప్రసిద్ధి. మోస్ కాఠిన్యమానంలో వజ్రానిది 10వ స్థానం. అయినా ఒక నిర్దిష్ట తలం వెంట దెబ్బ తగిలితే అది చీలిపోతుంది. 9వ స్థానం కురువిందానిది. ఇది రసాయనికంగా అల్యూమినియం ఆక్సైడ్. ఇదే సమ్మేళనం నేడు అల్యూమినా సిరామిక్ రూపంలో కృత్రిమ తుంటి కీలులో అమరుతున్నది. కాఠిన్యం ఒక్కటే ఒక పదార్థాన్ని శరీరంలో మన్నేలా చేస్తుందా? ఈ ప్రశ్నను పరిశీలించడమే వ్యాస లక్ష్యం.

2. శస్త్రచికిత్స స్వరూపం:

తుంటి కీలులో తొడ ఎముక తల, కటి ఎముక గుంటలో బంతిలా తిరుగుతుంది. సంపూర్ణ కీలు మార్పిడిలో ఆ తలను కోసివేసి, ఎముక లోపలికి కాడను దింపుతారు. హిప్ రీసర్ఫేసింగ్‌లో అరిగిన పైపొరను మాత్రమే చెక్కి, తలపై టోపీ వంటి తొడుగును, గుంటలో పలుచని గిన్నెను అమరుస్తారు. ఎముక మిగులుతుంది కనుక చిన్న వయసువారికి మరోసారి శస్త్రచికిత్స అవసరమైతే వీలుంటుంది. బంతి పెద్దది కావడం వల్ల కీలు జారే ప్రమాదం తక్కువ. నేలపై బాసింపట్టు వేసుకొని కూర్చునే సమాజంలో ఈ గుణానికి విలువ ఉంది. అయితే రెండు భాగాలూ పలుచగా ఉండవలసి రావడమే పదార్థ ఎంపికలోని చిక్కు.

3. లోహం – అనుభవం:

1950లలో జాన్ చార్న్‌లీ టెఫ్లాన్ తొడుగులతో చేసిన ప్రయత్నం, అరుగుదల రజను కలిగించిన కణజాల ప్రతిక్రియ వల్ల విఫలమైంది. 1997లో బర్మింగ్‌హామ్ నమూనా కోబాల్టు-క్రోమియం మిశ్రలోహంతో వచ్చింది. ఈ లోహం పలుచగా ఉన్నా పగలదు. దానిలో రెండు తలాల మధ్య నిలిచే ద్రవపు పొర అరుగుదలను తగ్గిస్తుంది. గిన్నె లోతు తగ్గినా, వాలు మారినా బరువు అంచుపై పడి ఆ పొర తెగిపోతుంది. అప్పుడు వెలువడే సూక్ష్మ రజను, కోబాల్టు, క్రోమియం అయాన్లు చుట్టూ ఉన్న కండరాన్నీ ఎముకనూ దెబ్బతీస్తాయి.

లోతు తక్కువ గిన్నె గల డీప్యూ సంస్థ ఏఎస్ఆర్ పరికరాలను 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించారు. భారతదేశంలో వీటితో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో నిపుణుల సంఘాన్ని నియమించి, అనంతరం పరిహార విధానాన్ని ప్రకటించింది. చిన్న పరిమాణపు తొడుగులలో వైఫల్యం అధికమని తేలడంతో, 2015లో బర్మింగ్‌హామ్ నమూనాను కూడా స్త్రీలకు వాడరాదని తయారీదారు ప్రకటించాడు.

4. సిరామిక్ – అవకాశం, పరిమితి:

1970లో ఫ్రాన్సులో పియర్ బూతాన్ అల్యూమినాను తుంటి కీలులో ప్రవేశపెట్టారు. దాని నుండి లోహ అయాన్లు వెలువడవు, అరుగుదల అత్యల్పం. కాని పగులును తట్టుకొనే శక్తిలో లోహం కంటే ఎంతో తక్కువ. జిర్కోనియా కణాలను అల్యూమినాలో చేర్చడం ఈ లోపానికి పరిష్కారమైంది. పగులు మొన వద్ద ఆ కణాల స్ఫటిక రూపం మారి, ఘనపరిమాణం సుమారు 4 శాతం పెరిగి, పగులును నొక్కిపెడుతుంది. ఈ సంయుక్త పదార్థమే సిరామిక్ రీసర్ఫేసింగ్‌కు మార్గం తెరిచింది. అయినా తయారీ లోపాన్ని పదార్థగుణం కప్పిపుచ్చలేదు. కొలిమి పద్ధతి మార్చిన తరువాత తయారైన జిర్కోనియా బంతులు పగలడంతో 2001లో వాటిని ఉపసంహరించవలసి వచ్చింది.

5. తెలుగు నేలపై అవకాశాలు:

హైదరాబాదులోని మిధాని సంస్థ వైద్య అవసరాలకు టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తున్నది. టైటానియం ఎముకతో చక్కగా కలిసినా, రాపిడిని తట్టుకోలేదు కనుక కీలు తలానికి పనికిరాదు. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్యపరికరాల పరీక్షా సౌకర్యాలున్నాయి. ఈ రెండింటినీ కీలు పదార్థాల పరిశోధనతో అనుసంధానించే వీలుంది.

6. ముగింపు:

• కాఠిన్యం, పగులును తట్టుకొనే శక్తి వేర్వేరు గుణాలు. పలుచని తొడుగుకు రెండూ అవసరం.
• పదార్థం ఎంత ముఖ్యమో గిన్నె లోతు, అమరిక కోణం, తొడుగు పరిమాణం, తయారీ పద్ధతి అంతే ముఖ్యం.
• ప్రయోగశాలలో నెగ్గిన పదార్థానికి అసలు పరీక్ష రోగి శరీరంలోనే. ఏఎస్ఆర్ లోపాన్ని తొలుత ఎత్తిచూపిన వాటిలో ఆస్ట్రేలియా జాతీయ కీలు నమోదు పట్టిక ఒకటి. పల్లె నుండి నగరానికి వెళ్లి చికిత్స పొందిన రోగి వివరం కూడా అటువంటి పట్టికలో చేరినప్పుడే తదుపరి లోపం సకాలంలో బయటపడుతుంది.