క్లిప్పులు పెట్టించుకుంటున్నారా? ముందు క్యాలెండర్ చూడండి

ఇంటర్‌లో ఉన్నప్పుడు ‘ఎంట్రెన్స్ అయ్యాక చూద్దాం’ అంటారు ఇంట్లో. బీటెక్‌లో చేరాక ‘ప్లేస్‌మెంట్స్ అయ్యాక’ అని మనమే అనుకుంటాం. ఉద్యోగం వచ్చి, రెండు జీతాలు చేతిలో పడ్డాక ధైర్యం చేసి డెంటల్ క్లినిక్‌కి వెళ్తే, అప్పటికే అమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టేసి ఉంటుంది. దాంతో డాక్టర్ని అడిగే మొదటి ప్రశ్న, ‘ఆర్నెల్లలో అయిపోతుందా?’

చాలామందికి అవ్వదు. ముందు పళ్ళ మధ్య చిన్న సందు లాంటిదైతే ఏడాదిలోపే అయిపోవచ్చు. ఎత్తు పళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్ళు అయితే మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. మెటలా, సెరామిక్కా, అలైనర్లా అని యూట్యూబ్‌లో రాత్రంతా వీడియోలు చూసేవాళ్ళు కూడా ఈ లెక్క మాత్రం వేసుకోరు. వచ్చే రెండేళ్ళు మీరు ఏ ఊళ్ళో ఉంటారు? అది తేలితే మిగతా ఎంపికలు సగం తేలినట్టే.

ఇంత టైమ్ ఎందుకు పడుతుందంటే, పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదు. వేరు చుట్టూ సన్నటి నారల పొర ఉంటుంది. తీగ పన్నుని ఒక పక్కకి నెడితే, ఆ పక్క ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. వెనక ఖాళీ అయినచోట కొత్త ఎముక పడుతుంది. ఇదంతా నెలకి మహా అయితే ఒక మిల్లీమీటరు. గట్టిగా బిగిస్తే తొందరగా జరుగుతుందా అంటే, లేదు. వేరు కొస అరిగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మొదటి నెలల్లో వేసే మెత్తటి తీగ నికెల్-టైటానియంది. అమెరికా నౌకాదళం ల్యాబ్‌లో బయటపడిన ఈ మిశ్రలోహం 1970ల్లో పళ్ళ వైద్యంలోకి వచ్చింది. ఎంత వంచినా మళ్ళీ తన పాత ఆకారానికి వచ్చేయాలని చూస్తుంది. పళ్ళని వరసలోకి లాగేది ఆ మొండితనమే.

కనపడేవా, కనపడనివా?

మెటల్ క్లిప్పులు అందరికీ తెలిసినవే. ధర తక్కువ, గట్టివి, ఎంత కష్టమైన కేసైనా చేయొచ్చు. సెరామిక్ పంటి రంగులో ఉంటాయి, ఫొటోల్లో అంత కొట్టొచ్చినట్టు కనపడవు. కాకపోతే పెళుసు, ఖరీదు కూడా ఎక్కువ. పళ్ళ వెనక పెట్టే లింగ్వల్ క్లిప్పులు ఎవరికీ కనపడవు గానీ, మొదట్లో నాలుక ఒరుసుకుపోతుంది, మాట ముద్దగా వస్తుంది. వాటిని చేసే డాక్టర్లు కూడా తక్కువ.

ఇక అలైనర్లు. స్టాన్‌ఫర్డ్‌లో చదివిన జియా చిస్తీ పెద్దయ్యాక క్లిప్పులు పెట్టించుకున్నాడు. అవి తీశాక ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగుని చూసి, ఇలాంటివే వరసగా మారుస్తూ పోతే పళ్ళు జరపొచ్చు కదా అనుకున్నాడు. అలా 1997లో మొదలైన కంపెనీదే ఇన్విజలైన్. ఇప్పుడు మన దగ్గరా చాలా బ్రాండ్లు వచ్చేశాయి. మెటల్ క్లిప్పులు పదుల వేలల్లో అయిపోతే, అలైనర్లు లక్ష దాటడం మామూలే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, అలైనర్లకి ఒక షరతు ఉంది. రోజుకి దాదాపు 22 గంటలు నోట్లోనే ఉండాలి. అంటే తీసి ఉంచే టైమ్ రెండు గంటలు. టిఫిన్‌కి ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం, రాత్రి భోజనాలకి చెరో నలభై. మిగిలింది ఇరవై నిమిషాలు. అందులోనే ఆఫీసు టీలు, సాయంత్రం మిర్చి బజ్జీ, బ్రష్ చేసుకోవడం, అన్నీ. పెట్టుకునే వేడి టీ తాగితే ప్లాస్టిక్ వంగుతుంది, రంగు పడుతుంది. ‘ఒక్క సిప్పే కదా’ అనేవాళ్ళకి, గంటగంటకీ ఏదో ఒకటి నమిలేవాళ్ళకి నన్నడిగితే మెటల్ క్లిప్పులే మంచివి. వాటిని మనం తీయలేం, అదే వాటి గొప్ప.

ఇంకో మాట. డాక్టర్ ముఖం చూడకుండా ఇంటికే కిట్ పంపి అలైనర్లు అమ్మిన అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబర్‌లో మూతపడింది. ట్రీట్‌మెంట్ సగంలో ఉన్న కస్టమర్లు ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు. ఇన్‌స్టాలో డిస్కౌంట్ యాడ్ కనపడగానే, ‘నా పళ్ళకి ఎక్స్‌రే తీసి, చిగుళ్ళు చూసి, చివరి దాకా బాధ్యత తీసుకునే డాక్టర్ ఎవరు?’ అని అడగండి. పేరు చెప్పలేకపోతే దండం పెట్టి వచ్చేయండి.

పళ్ళు జరిపే పనికి ప్రత్యేకంగా చదివినవాళ్ళు ఆర్థోడాంటిస్టులు. బీడీఎస్ తర్వాత మరో మూడేళ్ళు ఎండీఎస్ చేస్తారు. చాలా క్లినిక్‌లకి ఈ స్పెషలిస్ట్ కొన్ని రోజులే వస్తారు. అది తప్పు కాదు. ప్రతి అపాయింట్‌మెంట్‌కీ అదే మనిషి చూస్తారా, లేక నెలకొకరు మారతారా అన్నది ముందే కనుక్కోవాలి. ఫీజులో ఏమేం కలిసున్నాయో కూడా కాగితం మీద రాయించుకోండి. ఊడిన బ్రాకెట్ మళ్ళీ అతికిస్తే డబ్బులా? చివర్లో రిటైనర్‌కి వేరేనా? ఇంత ఖర్చు పెట్టలేమనుకునేవాళ్ళకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ డాక్టర్లు చేస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది, పోయేది టైమ్.

పళ్ళు పీకాలన్నారు, ఇప్పుడెలా?

చోటు చాలనప్పుడు కోరపంటి వెనకున్న పళ్ళు, రెండో నాలుగో, తీయమంటారు. ఇంట్లో యుద్ధం మొదలయ్యేది ఇక్కడే. ‘పై పళ్ళు పీకిస్తే కళ్ళు పోతాయి’ అని నానమ్మ అడ్డం పడుతుంది. పంటికి వెళ్ళే నరం వేరు, చూపు నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు. అలాగని అన్నారు కదా అని వెంటనే పీకించుకోనక్కర్లేదు. ఎక్స్‌రేలు చూపించి, తీయకపోతే ఏమవుతుందో చెప్పమనండి. అనుమానం ఉంటే ఇంకో ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి అవే ఎక్స్‌రేలు పట్టుకెళ్ళండి. తీసిన పన్ను మళ్ళీ పెట్టలేం కాబట్టి ఆ రెండో ఫీజు దండగ కాదు.

పెట్టించుకున్న మర్నాడు నొప్పి ఎక్కువగా ఉంటుంది, వారంలో తగ్గిపోతుంది. ఆ నాలుగు రోజులూ పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, పప్పులో పిసికిన అన్నం. బుగ్గ లోపల ఒరుసుకుంటే డాక్టర్ ఇచ్చిన మైనం కొంచెం తీసి బ్రాకెట్ మీద అద్దాలి, గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు పుక్కిలించాలి. సంక్రాంతికి అసలు పరీక్ష. సకినాలు, జంతికలు, చెరకు ముక్కలు, పల్లీ చిక్కీ, ఇవన్నీ బ్రాకెట్లకి శత్రువులు. జామకాయని కొరక్కుండా సన్నగా కోసుకుని తినొచ్చు. మొక్కజొన్న పొత్తు గింజలు ఒలుచుకుని తినొచ్చు. బ్రాకెట్ ఊడిన ప్రతిసారీ ఆ పన్ను ఆగిపోతుంది, మీ గడువు ఇంకొంచెం వెనక్కి జరుగుతుంది.

తీగని పట్టి ఉంచే చిన్న రబ్బర్లకి రంగు ఎంచుకోమంటారు. కనపడకూడదని తెల్లవో, పారదర్శకమైనవో అడిగేరు సుమా! ఆవకాయ, పసుపేసిన పప్పు నాలుగు పూటలు తింటే అవి పచ్చగా తయారవుతాయి. మన వంటకి బూడిద రంగో, ముదురు నీలమో నయం.

బ్రషింగ్ మాత్రం బద్ధకిస్తే కుదరదు. బ్రాకెట్ చుట్టూ తిండి ఇరుక్కుని పాచి పడితే ఎనామిల్ లోంచి ఖనిజాలు పోతాయి. రెండేళ్ళ తర్వాత క్లిప్పులు తీసిన రోజు పళ్ళు చక్కగా వరసలో ఉంటాయి, ఒక్కో పంటి మీద బ్రాకెట్ చుట్టూ తెల్ల మచ్చ కూడా ఉంటుంది. ఆ మచ్చలు పూర్తిగా పోవడం కష్టం. తీగ కింద దూరే చిన్న బ్రష్ మెడికల్ షాపులో దొరుకుతుంది, బ్యాగ్‌లో ఒకటి పడేసుకోండి.

ఇప్పుడు క్యాలెండర్ దగ్గరికి వద్దాం. వచ్చే ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్ళే ఆలోచన ఉంటే, ఈ జనవరిలో క్లిప్పులు పెట్టించుకోవడం మంచి ఐడియా కాదు. వేరేవాళ్ళు మొదలుపెట్టిన కేసు తీసుకోవడానికి అక్కడి డాక్టర్లు వెనకాడొచ్చు. తీసుకున్నా ఫీజు మళ్ళీ మాట్లాడుకోవాల్సిందే. ఆ ఖర్చు స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఇస్తుందన్న ఆశ పెట్టుకోకండి. వెళ్ళక తప్పకపోతే ఎక్స్‌రేలు, మొదటి ఫొటోలు, ట్రీట్‌మెంట్ ప్లాన్ అన్నీ అడిగి తీసుకెళ్ళండి. పెళ్ళి మాటలు నడుస్తుంటే, ఫొటోల రోజుకి తీగ తీసి మళ్ళీ పెట్టే వీలుందేమో ముందే అడగొచ్చు. ముహూర్తం కోసం ట్రీట్‌మెంట్‌నే సగంలో ఆపించేసుకుంటే మాత్రం పళ్ళు వెనక్కి నడవడం మొదలుపెడతాయి.

నిజానికి మొత్తం పూర్తయ్యాక కూడా నడుస్తాయి. కొత్త ఎముక గట్టిపడాలి, సాగిన చిగుళ్ళ నారలు సర్దుకోవాలి. అందుకే రిటైనర్. మొదటి నెలల్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్ళు. ఎన్నేళ్ళు అంటే, పళ్ళు అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు. కింది ముందు పళ్ళ వెనక సన్నటి తీగ అతికించేస్తే మర్చిపోయే గొడవ ఉండదు, శుభ్రం చేసే పని మాత్రం పెరుగుతుంది. తీసి పెట్టుకునే రకమైతే దాన్ని వేడి నీళ్ళలో కడగకూడదు, ఆకారం పోతుంది. హోటల్లో టిష్యూలో చుట్టి ప్లేట్ పక్కన పెడితే క్లీనర్ ఎత్తుకెళ్ళి చెత్తలో వేస్తాడు. ఇంట్లో కుక్క ఉంటే మంచం పక్కన టేబుల్ మీద కూడా వదలకండి. ఆ వాసన వాటికి భలే ఇష్టం, నమిలి పడేస్తాయి. పోయిందా, వారాల తరబడి ఆలోచించకుండా ఆ రోజే క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే పళ్ళు కదిలిపోయి, ఇంట్లో దాచిన పాత స్పేర్ కూడా పట్టదు.